కోలైటిస్‌కు మొక్కల సారాలు: మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: మాది గోపాలపట్నం. మా వారి వయసు 38 ఏళ్లు. గాజువాకలో షిఫ్టు ఉద్యోగం. రెండేళ్ల కిందట విరేచనంలో రక్తం, జిగురు పడుతుంటే మొలలు అనుకొని కొన్నాళ్లు నాటు మందు వాడాం. తగ్గకపోతే కొలనోస్కోపీ చేసి, పెద్దప్రేగు ఎడమవైపు భాగంలో అల్సరేటివ్ కోలైటిస్ ఉందన్నారు. అప్పటి నుంచి రోజుకు 2.4 గ్రాముల మెసలమైన్ మాత్రలు వేసుకుంటున్నారు. ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు. నెలనెలా మందుల ఖర్చు మాత్రం మాకు బరువుగానే ఉంది. మా ఆడపడుచు భర్త, అంటే మా అన్నయ్యగారు, పాడేరు సంత నుంచి పసుపు, మిరియాలు తెచ్చి, ఇవి కషాయం పెట్టుకొని తాగితే మాత్రలతో పనిలేదంటున్నారు. తెలిసినవారు ఇంకొకరు పసుపు సారం, శల్లకి గొట్టాలు (క్యాప్సూళ్లు), కలబంద రసం, పేరు రాయని ఒక పొడి కలిపిన కిట్ చూపించి, మూడు నెలలు వాడి ఇంగ్లీషు మందులు ఆపేయమంటున్నారు. ఆపవచ్చా? ఆపకుండా వాటితో పాటు వాడుకోవచ్చా? అసలు ఈ జబ్బుకు ఏ మొక్క పనిచేస్తుంది? - ఒక సోదరి

సమాధానం: అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే చెబుతాను. మెసలమైన్ ఆపవద్దు. మీ వారు ఏడాదిగా బాగున్నారంటే జబ్బు పోయిందని కాదు, మాత్ర దాన్ని అణచి ఉంచిందని. అల్సరేటివ్ కోలైటిస్‌లో శరీరంలోని రక్షణ వ్యవస్థే పెద్దప్రేగు లోపలి పొర మీద దాడి చేస్తూ ఉంటుంది. ఆ దాడి ఒకసారి ఉధృతంగా, ఒకసారి మందకొడిగా సాగుతుందే తప్ప దానంతట అది సాధారణంగా పూర్తిగా ఆగిపోదు. జబ్బు అణిగిన తర్వాత మెసలమైన్‌ను సరిగా వేసుకోనివారిలో, క్రమం తప్పకుండా వేసుకునేవారితో పోలిస్తే, అది తిరగబెట్టే అవకాశం ఐదు రెట్లకు పైగా ఉన్నట్టు 2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో తేలింది. తిరగబెట్టినప్పుడు పాత మోతాదుకే లొంగుతుందన్న నమ్మకం లేదు. స్టెరాయిడ్లు, రక్షణ వ్యవస్థను అణచే అజాథయోప్రిన్, అంతకన్నా ఖరీదైన ఇంజెక్షన్ల దాకా పోవలసి రావచ్చు. ఖర్చు తగ్గించుకుందామని చేసిన పని చివరకు ఖర్చు పెంచే దారి ఇదే.

అయితే మీ అన్నయ్యగారి మాటలో పసే లేదని కొట్టిపారేయలేను. ఈ జబ్బుకు పరీక్షించిన మొక్కలలో కాస్త గట్టి ఆధారాలు ఉన్నవాటిలో పసుపు ముందు వరుసలో ఉంది. పసుపులోని కర్కుమిన్ అనే పసుపుపచ్చని పదార్థం, వాపును పెంచే కొన్ని సంకేతాలను కణాల లోపలే అణచగలదని ప్రయోగశాలల్లో ఎప్పుడో తెలిసింది. గాజుపాత్రలో పనిచేసినది మనిషి ప్రేగులో కూడా పనిచేయాలన్న నియమం లేదు కనుక, రోగుల మీద జరిగిన పరీక్షలనే చూద్దాం. 2006లో జపాన్ వైద్యులు, జబ్బు అణిగి ఉన్న 89 మందిని తీసుకొని, అందరికీ మామూలు మందులు కొనసాగిస్తూనే, కొందరికి రోజుకు 2 గ్రాముల కర్కుమిన్, మిగతావారికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఆరు నెలలు ఇచ్చారు. చివరి లెక్కలోకి వచ్చినవారిలో కర్కుమిన్ వాడిన 43 మందిలో ఇద్దరికే జబ్బు తిరగబెట్టింది. ఉత్తుత్తి మాత్ర వాడిన 39 మందిలో 8 మందికి తిరగబెట్టింది. కర్కుమిన్ ఆపేశాక తర్వాతి ఆరు నెలల్లో ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. 2015లో ఇజ్రాయెల్ వైద్యుల నాయకత్వంలో జరిగిన మరో పరీక్షలో, పూర్తి మోతాదు మెసలమైన్‌కు కూడా లొంగని 50 మందిని తీసుకున్నారు. మెసలమైన్‌తో పాటు రోజుకు 3 గ్రాముల కర్కుమిన్ నెలరోజులు వాడిన 26 మందిలో 14 మందికి జబ్బు అణిగింది. ఉత్తుత్తి మాత్ర వాడిన 24 మందిలో ఒక్కరికీ అణగలేదు. ఇవి చిన్న పరీక్షలే. అయినా తీసిపారేయదగిన ఫలితాలు కావు.

ఈ రెండింటిలోనూ అన్నయ్యగారు గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ఎవరి మాత్రలూ ఎవరూ ఆపలేదు. కర్కుమిన్‌ను మెసలమైన్ వంటి మందుకు తోడుగా ఇచ్చారే తప్ప దాని స్థానంలో ఇవ్వలేదు. రెండవది మోతాదు. మామూలు పసుపు పొడిలో కర్కుమిన్, దాని తోబుట్టువులైన పదార్థాలు అన్నీ కలిపి సుమారు 3 శాతం ఉంటాయి, రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. ఆ లెక్కన 2 గ్రాముల కర్కుమిన్ కావాలంటే రోజుకు 65, 70 గ్రాముల పసుపు మింగాలి. 3 గ్రాములు కావాలంటే 100 గ్రాములు. చెంచాడు పసుపు వేసి కాచిన కషాయంలో 100 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, అదీ నీళ్లలో సరిగా కరగదు. తక్కువ మోతాదు సరిపోతుందేమోనని ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షించి చూశారు కూడా: మెసలమైన్ వాడుతున్న 62 మందితో, రోజుకు 450 మిల్లీగ్రాముల కర్కుమిన్ ఎనిమిది వారాలు ఇచ్చి జరిపిన ఆ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర కన్నా అది మెరుగని తేలలేదు. 450 మిల్లీగ్రాములంటే సుమారు 15 గ్రాముల పసుపు. ఇంట్లో ఎవరూ రోజూ అంత తాగరు. కాబట్టి మన్యం పసుపు ఎంత మేలైనదైనా, కషాయంగా అది కూరలో పసుపు లాంటిదే: హాని లేదు, మందు కాదు.

మిరియాల సంగతి కొంచెం చిక్కైనది. కర్కుమిన్ ప్రేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువగా పోతుంది. 20 మిల్లీగ్రాముల పిపెరిన్, అంటే మిరియాల ఘాటుకు కారణమైన పదార్థం, తోడైతే రక్తంలోకి పోయే కర్కుమిన్ ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు చూపించారు. అప్పటి నుంచి పసుపు గొట్టాల సీసాల మీద మిరియాల పేరు తప్పనిసరైపోయింది. మోకాళ్ల నొప్పికి వాడేవారికి అది లాభమేమో కానీ, మీ వారి జబ్బు ఉన్నది పెద్దప్రేగు లోపలి గోడ మీద. రక్తంలోకి పోకుండా మిగిలిన కర్కుమినే దిగువకు జారి ఆ గోడను తాకుతుంది. అంటే మిగతా చోట్ల లోపమనిపించేది ఇక్కడ అనుకూలమే. పైగా కర్కుమిన్ రక్తంలోకి ఎక్కువగా పోయేలా తయారుచేసిన రకాలు, మిరియాల సారం కలిపినవి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. అరుదే అయినా కామెర్ల దాకా, ఒక్కోసారి ప్రాణం మీదకు వచ్చిన సందర్భాలు వాటిలో ఉన్నాయి. చారులో మిరియాలకు ఈ భయం అక్కరలేదు. గొట్టంలో నింపిన మిరియాల సారమే మీకు అనవసరం.

ఇక ఆ కిట్. శల్లకి అంటే మన అడవుల్లో పెరిగే అందుగు చెట్టు బంక. 1997లోనూ 2001లోనూ మన దేశంలోనే పెద్దప్రేగు వాపు ఉన్నవారికి ఇచ్చి చూసి, ఈ జబ్బుకు వాడే పాత మందు సల్ఫాసలజీన్‌తో సమానంగా పనిచేసిందని రాశారు. కానీ అవి చాలా చిన్న పరీక్షలు, ఉత్తుత్తి మాత్రతో పోల్చినవి కావు. ఆ తర్వాత జర్మనీలో, ప్రేగుల్లో ఇలాంటి వాపే తెచ్చే మరో జబ్బు క్రోన్స్ వ్యాధి అణిగి ఉన్న 108 మందితో ఏడాది పాటు పకడ్బందీగా నడపబోయిన పరీక్షలో శల్లకి సారం వాడినవారికీ, ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించక దాన్ని ముందే ఆపేశారు. ఫలితాలు 2011లో వచ్చాయి. దీన్ని బట్టి శల్లకి పెద్దగా హాని చేయకపోవచ్చు కానీ, డబ్బు పెట్టి కొనదగినంత ఆధారం లేదన్నది నా అభిప్రాయం.

కలబందతో మాత్రం జాగ్రత్త. లండన్‌లో 44 మందితో జరిగి 2004లో వెలువడిన పరీక్షలో, కలబంద గుజ్జు రసాన్ని పూటకు 100 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండు పూటలు నాలుగు వారాలు ఇచ్చారు. కొంత ఉపశమనం కనిపించింది. జబ్బు పూర్తిగా అణిగినవారు 30 మందిలో 9 మంది, ఉత్తుత్తి రసం తాగినవారిలో 14 మందికి ఒకరు. ఇంత తక్కువమందిలో ఈ తేడా కాకతాళీయం కాదని గణాంకాలు నిర్ధారించలేకపోయాయి. అందులో వాడినది లోపలి తెల్లని గుజ్జు మాత్రమే. ఆకు కోసినప్పుడు తొక్క కింద నుంచి కారే పసుపుపచ్చని చేదు పాలు వేరు. అది గట్టి విరేచనకారి, ప్రేగును మరింత రేపుతుంది. కుండీలో పెంచిన కలబందను తొక్కతో సహా మిక్సీలో వేసి తాగి, రక్త విరేచనాలు మళ్లీ మొదలై వచ్చేవారు మాకు కొత్తేమీ కాదు. బజారులో దొరికే రసం సీసాల్లో ఆ పాలు ఎంత మేరకు తీసేశారో చాలావాటి మీద ఉండదు. నేల తంగేడు, కరక్కాయ, త్రిఫల చూర్ణం వంటి విరేచనం కలిగించేవన్నీ కూడా జబ్బు రేగినప్పుడు దూరంగా ఉంచవలసినవే.

పేరు రాయని పొడి విషయంలో నాకు రెండో మాట లేదు, పారేయండి. ఇలాంటి పొడులు మూడు రోజుల్లోనే అద్భుతంగా పనిచేశాయని ఎవరైనా చెబితే, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని అనుమానించవలసిందే. వైద్యులకు తెలియకుండా నెలల తరబడి స్టెరాయిడ్ తిని, హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం. ఇంకొక సంగతి. ఆయుర్వేదంలో గ్రహణి (దీర్ఘకాలపు విరేచనాల) రోగానికి వాడే పర్పటి మందులు పాదరసం, గంధకం కలిపి నూరిన కజ్జలితో చేసేవి. అర్హత గల ఆయుర్వేద వైద్యుని పర్యవేక్షణ లేకుండా, ఎవరో పొట్లం కట్టి ఇచ్చిన అలాంటి మందును, మూత్రపిండాల మీద కన్నేసి ఉంచవలసిన మెసలమైన్‌తో కలిపి వాడటం సాహసం.

ఏ మొక్క పనిచేస్తుందన్న మీ మూడో ప్రశ్నకు, పనిచేసి కూడా చేతికి రాని రెండు మొక్కల కథ చెప్పాలి. నేలవేము మనకు జ్వరాల మందుగా తెలుసు. దాని సారాన్ని 224 మంది కోలైటిస్ రోగులకు ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే, రోజుకు 1800 మిల్లీగ్రాములు వాడినవారిలో 60 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 40 శాతం మందికి ఉపశమనం కలిగిందని 2013లో ప్రకటించారు. అందరూ ఆశపడ్డారు. దాన్ని మందుగా ఆమోదింపజేసుకోవడానికి మొదలుపెట్టిన పెద్ద పరీక్షను మాత్రం మధ్యలో లెక్క చూసుకొని, ఫలితం రాదని 2014లో ఆపేశారు. ఇంతమందిలో 40 శాతం మంది ఉత్తుత్తి మాత్రతోనే బాగున్నామన్నారంటే, ‘ఫలానావారు వాడితే తగ్గింది’ అన్న మాటకు ఈ జబ్బులో ఎంత విలువ ఇవ్వాలో మీరే ఊహించవచ్చు. దానంతట అదే పెరిగి తగ్గే జబ్బుల్లో, తగ్గే ముందు ఏది వాడితే దానికే పేరు వస్తుంది.

రెండవది నీలిమందు. చైనాలో, జపాన్‌లో కొన్ని నీలి జాతి మొక్కల ఆకుల నుంచి తీసే చింగ్ డాయ్ అనే పొడిని జపాన్ వైద్యులు 86 మందికి ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 14 శాతం లోపే ఉపశమనం పొందితే, పొడి వాడినవారిలో మోతాదును బట్టి 70 నుంచి 81 శాతం దాకా పొందారు. మొక్కల మందుల్లో ఇంత బలమైన ఫలితం నేను మరెక్కడా చూడలేదు. అయితే ఆ పరీక్షను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. కారణం, ఆ పరీక్షలో లేకుండా సొంతంగా ఆ పొడి కొనుక్కొని వాడిన రోగిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ప్రమాదకరంగా పెరిగింది. జపాన్ ఆరోగ్య శాఖ 2016 డిసెంబరులో హెచ్చరిక జారీ చేసింది. మొక్క నుంచి వచ్చింది కనుక చెడు చేయదన్న వాదనకు ఇది చాలు. తలకు రంగు వేసుకోవడానికి మన దగ్గర దొరికే నీలి ఆకు పొడిని దీనికి ప్రత్యామ్నాయంగా ఎవరైనా సూచిస్తే అసలు వినవద్దు.

ఇంట్లో అందుబాటులో ఉండి, పరీక్షకు కొంత నిలిచినది ఒకటుంది: ఇసబ్‌గోల్. స్పెయిన్‌లో జబ్బు అణిగి ఉన్న 105 మందిని మూడు జట్లు చేసి ఏడాది పాటు చూశారు, 1999లో ప్రచురించారు. ఇసబ్‌గోల్ గింజలు రోజుకు 20 గ్రాములు వాడినవారిలో 40 శాతం మందికి, మెసలమైన్ వాడినవారిలో 35 శాతం మందికి, రెండూ వాడినవారిలో 30 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. అక్కడ వాడిన మెసలమైన్ మోతాదు రోజుకు ఒకటిన్నర గ్రామే, మీ వారు వాడేదానికన్నా తక్కువ. కాబట్టి దీన్ని చూసి రెండూ సమానమని అనుకోకూడదు. కానీ మాత్రతో పాటు, డాక్టరుకు చెప్పి, రోజూ చెంచాడు ఇసబ్‌గోల్ పొట్టు నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే నష్టమేమీ లేదు. ప్రేగు సన్నబడి ఉన్నవారు మాత్రం వాడకూడదు. పచ్చి మారేడు కాయ, కొడిశపాల చెక్క మన వైపు రక్త విరేచనాలకు తరతరాలుగా వాడుతున్నవే. అమీబా వల్ల వచ్చే విరేచనాలకు కొడిశపాలకు మంచి పేరుంది. రోగనిరోధక శక్తి తిరగబడటం వల్ల వచ్చే ఈ జబ్బుకు వాటిని తగినంతగా పరీక్షించలేదు. తిప్పతీగ అసలు వద్దు. కోవిడ్ కాలంలో విరివిగా వాడినప్పుడు కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు 2021లో నివేదించారు. రక్షణ వ్యవస్థను ఉసిగొల్పే దినుసు ఇలాంటి జబ్బున్నవారికి మంచిది కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఖర్చు మాట. ఆ కిట్ ఖరీదు మాత్రల ఖర్చుకు తక్కువ ఉండదని నా అంచనా. ముందు మీ డాక్టరును మూడు విషయాలు అడగండి. మెసలమైన్ జనరిక్ రకం రాయగలరా అన్నది మొదటిది. ఆ చీటీతో దగ్గరలోని జన ఔషధి కేంద్రంలోనూ, కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) గ్యాస్ట్రో ఓపీలోనూ విచారించండి. జబ్బు ఎడమవైపుకే పరిమితమైంది కనుక, ఆసన మార్గంలో వాడే మెసలమైన్ ఎనిమాను కలిపి నోటి మాత్రల మోతాదును సవరించవచ్చా అన్నది రెండవది. కింది భాగంలోని జబ్బుకు అది నేరుగా తగులుతుంది, చాలామంది మొహమాటపడి వద్దంటారు కానీ బాగా పనిచేస్తుంది. మూడవది, మాత్రలన్నీ ఒకేసారి వేసుకోవచ్చా అని. రోజంతటికీ కావలసిన మోతాదును ఒకే పూట వేసుకున్నా ఫలితం తగ్గదని పరీక్షల్లో తేలింది. షిఫ్టులు మారే ఉద్యోగంలో పూటలు తప్పకుండా ఉండటానికి ఇది ఎంతో వీలు.

ఇవన్నీ అయ్యాక కూడా పసుపు సారం వాడాలని మీ వారికి ఉంటే, నేను అడ్డు చెప్పను. మిరియాల సారం కలపనిది, గొట్టంలో కర్కుమిన్ ఎన్ని మిల్లీగ్రాములో స్పష్టంగా రాసినది, బ్యాచ్ సంఖ్య, తయారీ లైసెన్సు ఉన్నది ఎంచుకొని, సీసాను డాక్టరుకు చూపించి, మెసలమైన్‌తో పాటు భోజనం తర్వాత మొదలుపెట్టాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు వారాల తర్వాత మరొకసారి కాలేయ పరీక్ష చేయించండి. మెసలమైన్ కోసం మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఎలాగూ ఏడాదికొకసారి చూడాలి. పిత్తాశయంలో రాళ్లున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఇంతకుముందు కామెర్లు వచ్చి ఉన్నా వద్దు. మూత్రం ముదురు రంగులో వస్తే, ఆకలి చచ్చిపోతే, కళ్లు పచ్చబడితే వెంటనే ఆపాలి. మూడు నెలల తర్వాత లాభముందో లేదో ఒంటి హుషారును బట్టి కాక, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షను బట్టి తేల్చుకోండి. లోపల వాపు ఎంత ఉందో అది చెబుతుంది. నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి, దుకాణంలో అడిగి తెచ్చుకొని వేసుకోవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. అవి జబ్బును రేపగలవు. జబ్బు మొదలైన ఎనిమిదేళ్లకు, లక్షణాలేమీ లేకున్నా, కొలనోస్కోపీ మళ్లీ చేయించుకోవాలి; దీర్ఘకాలపు వాపు పెద్దప్రేగు క్యాన్సర్‌కు దారితీయగలదు.

క్రోన్స్ వ్యాధి ఉన్నవారు ఈ జవాబును తమకు అన్వయించుకోవద్దు. ఇక్కడ చెప్పిన కర్కుమిన్ ఫలితాలన్నీ అల్సరేటివ్ కోలైటిస్‌వి. పైగా మన దేశంలో ప్రేగుల క్షయ అచ్చం క్రోన్స్ లాగే కనిపిస్తుంది; బయాప్సీతో తేల్చుకోకుండా ఏ కషాయంతోనైనా నెలలు గడపడం క్షయను ముదరబెట్టుకోవడమే.

మీ వారికి ఎప్పుడైనా రోజుకు ఆరు సార్లు, అంతకు మించి రక్త విరేచనాలై, దానితో పాటు జ్వరం గానీ, విశ్రాంతిలో ఉన్నా నాడి నిమిషానికి 90 దాటడం గానీ, పొట్ట ఉబ్బి గట్టిపడటం గానీ కనిపిస్తే ఆ రాత్రి ఇంట్లో వేచి చూడవద్దు. కేజీహెచ్ అత్యవసర విభాగానికైనా, మీకు దగ్గరలో గ్యాస్ట్రో నిపుణులున్న ఏ ఆసుపత్రికైనా వెంటనే తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు కొలనోస్కోపీ నివేదికతో పాటు, ఆయన వాడుతున్న కషాయాలు, గొట్టాలు, పొడులు ఏవైతే ఉన్నాయో ఆ సీసాలు, పొట్లాలు కూడా సంచిలో వేసుకెళ్లి డ్యూటీ డాక్టరు ముందు పెట్టండి.